పరిశోధనాపత్రం నుంచి రోగి పడక దాకా: మధ్యలో ఉన్న పని ఎవరిది?

రెండో పాళీ (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను కాన్పుల వార్డులో పన్నెండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. నెల రోజుల క్రితం మా విభాగానికి రెండు పుటల సర్క్యులర్ ఒకటి వచ్చింది. నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉన్న తల్లులకు, కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వడం గురించిన మార్గదర్శకాలు అందులో ఉన్నాయి. ఎవరో దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి డ్యూటీ గది గోడకు అంటించారు. చేతులు కడుక్కునే పద్ధతి దగ్గర నుంచి ఏ వ్యర్థాన్ని ఏ రంగు బుట్టలో వేయాలనే దాకా ఆ గోడ మీద అప్పటికే ఏడెనిమిది కాగితాలు ఉన్నాయి. వారం తర్వాత రాత్రిపాళీలో ఉన్న ముగ్గురిని అడిగితే ఇద్దరు అసలు చూడలేదన్నారు. మూడో అమ్మాయి మాత్రం మోతాదు తడుముకోకుండా చెప్పింది.

ఆమె చెప్పిన మోతాదు సరైనదే, అయినా నాకెందుకో తృప్తి కలగలేదు. వేలమంది తల్లుల మీద ఏళ్ల తరబడి జరిగిన పరిశోధన, నిపుణుల సమావేశాలు, నివేదికలు అన్నీ దాటుకుని వచ్చిన విషయం చివరికి మా గోడ దగ్గర ఆగిపోయిందనిపించింది. పరిశోధన చేసేవారి పని పత్రం అచ్చయితే ముగుస్తుంది. మార్గదర్శకాలు రాసేవారి పని సర్క్యులర్ పంపితే ముగుస్తుంది. మా పని రోగి వచ్చాక మొదలవుతుంది. ఈ మధ్యలో ఉన్న పని ఎవరిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

లెక్కల కాగితం

వైద్య గణాంకాలు నా వృత్తి. ఈ విషయం ఎక్కడ చర్చకు వచ్చినా, పరిశోధన ఆచరణలోకి రావడానికి 17 ఏళ్లు పడుతుందని ఎవరో ఒకరు అంటారు కాబట్టి, ఆ మాట ఇక్కడికి రాకముందే దాని పుట్టుక చెప్పేస్తాను. 2000వ సంవత్సరంలో బలాస్, బోరెన్ అనే ఇద్దరు రాసిన వ్యాసం దానికి మూలం. పత్రం సమర్పించాక అచ్చు కావడానికి ఎంత కాలం, అచ్చయినది సమీక్షల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కడానికి ఎంత కాలం, అక్కడి నుంచి వైద్యుల అలవాటుగా మారడానికి ఎంత కాలం అని వేర్వేరు అధ్యయనాల నుంచి ఒక్కో ముక్క తీసుకుని కలిపితే, మొదలైన పరిశోధనలో 14 శాతమే సుమారు 17 ఏళ్లకు రోగికి మేలు చేసే స్థితికి చేరుతుందని వారికి తేలింది. 2011లో మరో బృందం ఇలాంటి లెక్కలన్నిటినీ వరుసగా పెట్టి చూసి, ఒక్కొక్కరు ఒక్కో చోట గడియారాన్ని మొదలుపెట్టి ఒక్కో చోట ఆపుతున్నారని, అందుకే వాటిని ఒకదానితో ఒకటి పోల్చడం కష్టమని చెప్పింది.

అంకె అటూ ఇటూ అయినా నాకు బాధ లేదు. అది మన దృష్టిని కాలం వైపే తిప్పేస్తుందన్నదే నా అభ్యంతరం. జబ్బు ఆలస్యమే అనుకున్నప్పుడు మందు వేగమే అనిపిస్తుంది. రెండో పాళీ గారి వార్డుకు సర్క్యులర్ ఆలస్యంగా వచ్చిందని ఆమె ఎక్కడా రాయలేదు, గమనించండి.

సందేహి

వేగం మాట వచ్చింది కాబట్టి కళ్లారా చూసినది చెబుతాను. నేను జనరల్ ఫిజీషియన్‌ను. వైద్య చరిత్రలో ఒక ఫలితం ఇంత త్వరగా రోగి దగ్గరకు చేరిన సందర్భాలు అరుదు. బ్రిటన్‌లో 2020 మార్చిలో మొదలైన రికవరీ ట్రయల్, అదే ఏడాది జూన్ 16న డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఫలితాన్ని ప్రకటించింది. వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల్లో మరణాలు సుమారు మూడోవంతు, ఆక్సిజన్ తీసుకుంటున్నవారిలో సుమారు ఐదోవంతు తగ్గాయి. పత్రిక అచ్చు కోసం ఎదురుచూడకుండా అదే రోజున అక్కడి చికిత్సా విధానం మారింది. మందు పాతది, చవకైనది, ఎక్కడపడితే అక్కడ దొరికేది.

అయితే అదే ట్రయల్ అదే రోజున ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు ఆ మందు వల్ల మేలు కనబడలేదు, కీడు జరిగే అవకాశాన్ని కూడా కొట్టిపారేయలేకపోయారు. మరుసటి ఏడాది నా దగ్గరకు వచ్చినవారిలో, జ్వరం తగిలిన మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ మింగుతున్నవారు ఎందరో ఉన్నారు. వేలికి పరికరం పెడితే ఆక్సిజన్ 98 చూపించేది. వారిలో మధుమేహం ఉన్నవారి చక్కెర స్థాయి చూసి నాకు చెమటలు పట్టిన రోజులున్నాయి. స్టెరాయిడ్ పనిచేస్తుందన్న మాట ఖండాలు దాటింది, ఎవరికి పనిచేస్తుందన్నది మాత్రం దారిలోనే జారిపోయింది. వేగాన్ని నేను తప్పుపట్టడం లేదు. బండి వేగంగా వెళ్లినప్పుడు సరుకులో సగం కింద పడితే ఎవరూ వెనక్కి చూడరు, అంతే.

మందుల బీరువా

సందేహి గారు చెప్పినట్లు దారిలో జారిపోవడం కొత్తదేమీ కాదు. ఫార్మసిస్టుగా నాకు ఇష్టమైన ఉదాహరణ బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్‌ది. 1747లో సాలిస్‌బరీ అనే ఓడ మీద, చిగుళ్లు కుళ్లి రక్తమోడుతున్న 12 మంది స్కర్వీ రోగులను ఆయన ఇద్దరిద్దరి చొప్పున ఆరు జతలుగా విడదీసి ఆరు రకాల చికిత్సలిచ్చారు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. 1753లో పుస్తకం వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని అధికారికంగా ఓడలకు ఇవ్వడం మొదలుపెట్టింది 1795లో. అధికారుల మొండితనమే దీనికి కారణమని అందరూ సరిపెట్టుకుంటారు.

చాలామంది చెప్పని ముక్క ఇంకొకటి ఉంది. నెలల తరబడి సాగే ప్రయాణంలో పండ్లు నిలవ ఉండవు కాబట్టి, రసాన్ని సన్నటి వేడి మీద గంటల కొద్దీ మరిగించి పాకంలా చిక్కబరిచి సీసాల్లో నింపుకోమని సలహా ఇచ్చింది స్వయంగా లిండే. విటమిన్ సి వేడికి నశిస్తుందని, అసలు అలాంటి పదార్థమొకటి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. పాకం తాగిన నావికులకు గుణం కనబడకపోతే నిమ్మ మీదే అనుమానం పెరగడంలో వింతేముంది? 19వ శతాబ్దంలో కథ మళ్లీ తిరిగింది. మధ్యధరా ప్రాంతపు నిమ్మకు బదులు, విటమిన్ సి తక్కువగా ఉండే వెస్టిండీస్ నిమ్మజాతి రసం వాడటం మొదలైంది, అది నిలవలోనూ సారం కోల్పోయేది. 1875లో ధ్రువప్రాంతానికి బయలుదేరిన బ్రిటిష్ యాత్ర ఆ రసాన్ని వెంట తీసుకెళ్లి కూడా స్కర్వీ బారిన పడింది. పేరు అదే, సీసా అదే, లోపల ఉండవలసినది మాత్రం లేదు. దుకాణంలో సీసా తీసినప్పుడల్లా నాకు ఇది గుర్తుకొస్తూనే ఉంటుంది.

పీజీ విద్యార్థి

చదువుతున్నంతసేపూ ఒక సందేహం వచ్చింది, అడగవచ్చా? మాకు ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్ అంటే ప్రయోగశాల నుంచి మనుషుల మీద ట్రయల్స్‌కు, అక్కడి నుంచి మార్గదర్శకాలకు, ఆచరణకు, చివరికి జనారోగ్యానికి అని మెట్లు మెట్లుగా చెప్పారు. పరీక్షలో బొమ్మ గీస్తే మార్కులు వేస్తారు. మీరు చెబుతున్నవన్నీ చూస్తే మెట్లెక్కడం కన్నా, ఎక్కేటప్పుడు చేతిలోది ఒలికిపోకుండా చూసుకోవడమే కష్టమనిపిస్తోంది. అలా ఒలికిపోయిందని రుజువుగా చూపిన ట్రయల్ ఏదైనా ఉందా?

పసికందుల డాక్టరు

ఉంది. రెండో పాళీ గారి గోడ మీద ఉన్న ఇంజెక్షన్‌దే ఆ కథ, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో గ్రాహం లిగిన్స్ గొర్రెల్లో కాన్పు ఎలా మొదలవుతుందో పరిశోధిస్తుండగా, స్టెరాయిడ్ ఇచ్చిన తరువాత నెలలు నిండకుండా పుట్టిన ఒక గొర్రెపిల్ల, ఊపిరితిత్తులు తెరుచుకోక చనిపోవలసింది, ఊపిరి పీలుస్తూ కనబడింది. ఆ గమనికతో ఆయన, రాస్ హౌవీ కలిసి తల్లుల మీద ట్రయల్ జరిపి 1972లో ఫలితం ప్రచురించారు. తరువాత మరికొన్ని ట్రయల్స్ వచ్చాయి. 1990లో డజను ట్రయల్స్‌ను కలిపి చేసిన సమీక్ష మేలును నిస్సందేహంగా చూపింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు దాన్ని గట్టిగా సిఫారసు చేసేసరికి 1994 వచ్చింది. వైద్య పరిశోధనల ఫలితాలను కూడి సమీక్షించే కాక్రేన్ సంస్థ చిహ్నంలో కనిపించే అడ్డగీతలు ఈ ట్రయల్స్‌వే. కళ్ల ముందున్న రుజువును ఎవరూ కూడి చూడకపోతే ఎందరు బిడ్డలు పోతారో గుర్తుచేయడానికే వాటిని పెట్టుకున్నారు. ఇంతవరకు ఇది ఆలస్యం కథ.

అసలు పాఠం ఆ తరువాత మొదలైంది. పెద్ద ఆసుపత్రుల్లో ఇంత మేలు చేసే చవకైన మందు, నెలలు నిండని బిడ్డలు ఎక్కువగా చనిపోయే చోటికి చేరితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయోనని అర్జెంటీనా, గ్వాటెమాలా, భారత్, కెన్యా, పాకిస్తాన్, జాంబియాలలో సుమారు లక్ష కాన్పులతో యాక్ట్ అనే ట్రయల్ చేశారు. కింది స్థాయి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు, మందు కిట్లు ఇచ్చారు, చివరి నెలసరి తేదీ తెలియనిచోట గర్భం ఎన్ని వారాలదో అంచనా వేయడానికి పొట్ట మీద పెట్టి కొలిచే రంగుల టేపు కూడా ఇచ్చారు. మందు చేరింది, వాడకం బాగా పెరిగింది. కార్యక్రమాన్ని ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చారన్న లెక్కతో కొలిచి ఉంటే పండగ చేసుకునేవారు. కానీ వారు ప్రాణాలు లెక్కపెట్టారు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, బాగా చిన్నగా పుట్టిన బిడ్డల మరణాలు తగ్గలేదు. మొత్తం బిడ్డలను తీసుకుంటే, నెలలోపు మరణాలు ప్రతి 1000 సజీవ జననాలకు మామూలు సేవలున్నచోట 23.9 ఉండగా, ఈ కార్యక్రమం అమలైనచోట 27.4 అయ్యాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలు కూడా పెరిగాయి. ఇంజెక్షన్ తీసుకున్న తల్లుల్లో చాలామందికి నిజానికి నెలలు నిండాకే కాన్పు అయింది, అంటే వారి బిడ్డలకు ఆ మందుతో అవసరమే లేదు.

అలాగని మందు పేద దేశాలకు పనికిరాదని తీర్మానించలేదు, అది మెచ్చుకోవలసిన విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ బంగ్లాదేశ్, భారత్, కెన్యా, నైజీరియా, పాకిస్తాన్‌లలోని 29 ఆసుపత్రుల్లో మళ్లీ ట్రయల్ చేసింది. ఈసారి గర్భం వయసును అల్ట్రాసౌండ్‌తో తేల్చుకున్నారు, 26 నుంచి 34 వారాల లోపు కాన్పు ఖాయంగా కనిపిస్తున్నవారినే తీసుకున్నారు, పుట్టిన బిడ్డను చూసుకునే ఏర్పాటున్న ఆసుపత్రులనే ఎంచుకున్నారు. 2020లో వచ్చిన ఫలితంలో బిడ్డల మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. అదే మందు, దేశాల్లోనూ మూడు అవే. మారిందల్లా చుట్టూ ఉన్నవి: వారాల లెక్క, ఇన్ఫెక్షన్ లేదని చూసుకోవడం, బిడ్డకు వెచ్చదనం, ఊపిరి అందించగల మనుషులు. మా వార్డులో ఆ ఇంజెక్షన్‌ను నేను మందుగా చూడటం మానేశాను. దాన్ని ఒక ఏర్పాటులో భాగంగానే చూస్తాను.

రెండో పాళీ

డాక్టరు గారూ, మీరు రాసినది చదివాక డ్యూటీకి వెళ్లగానే ఆ సర్క్యులర్‌ను గోడ మీద నుంచి ఊడదీసి చూశాను. మొదటి పుటలో మందు పేరు, మోతాదు, ఎన్ని గంటల తేడాతో ఇవ్వాలనేది పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. మీరు చెప్పినవన్నీ, గర్భం ఎన్ని వారాలదో నమ్మకంగా తెలిసి ఉండాలని, తల్లికి ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉండకూడదని, బిడ్డకు తగిన సంరక్షణ ఉండాలని, రెండో పుటలో ఉన్నాయి. రెండు పుటలనూ ఒకే కవరులో వెనుకా ముందూ పెట్టి అంటించారు కాబట్టి, నెల రోజులుగా ఆ రెండో పుట గోడ వైపు తిరిగి ఉంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఊరి బాట

రెండో పుట కథ మాత్రం మరచిపోలేను. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నేను పాతికేళ్లుగా జనారోగ్య కార్యక్రమాల్లో ఉన్నాను. షరతుల మాట ఎత్తితే వెంటనే "అయితే ఇది మీ దగ్గర సాధ్యం కాదు" అనే జవాబు విని విని విసిగిపోయాను. ఏ షరతు నిజంగా అవసరమో, ఏది పెద్ద ఆసుపత్రుల అలవాటో పరీక్షించి తేల్చుకోవాలి. క్షయకు విశ్రాంతి, మంచి గాలి, శానటోరియంలో, అంటే క్షయ రోగుల ప్రత్యేక ఆసుపత్రిలో, పడక లేనిదే చికిత్సే లేదని ఒకప్పుడు లోకమంతా నమ్మింది. 1956లో మద్రాసులో మొదలైన ట్రయల్‌లో రోగులను రెండుగా విడదీసి, కొందరిని శానటోరియంలో ఉంచి, కొందరికి వారి ఇరుకు ఇళ్లలోనే ఏడాదిపాటు అవే మందులిచ్చి చూస్తే, ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు, ఇంట్లోవారికి జబ్బు అంటుకునే ముప్పు కూడా పెరగలేదు. 1959లో ఆ పత్రం వచ్చాక శానటోరియం అనే షరతు రాలిపోయింది. క్రమం తప్పకుండా మందు వేసుకోవడం అనే షరతు మాత్రం మిగిలింది, ఇప్పటికీ దాని చుట్టూనే క్షయ కార్యక్రమాలు తిరుగుతున్నాయి.

ఓఆర్‌ఎస్ కూడా అంతే. ఉప్పు, గ్లూకోజు కలిసి ఉంటే పేగు నీటిని పీల్చుకుంటుందని 1960లలో తేలింది. నిపుణులు కొలిచి, పర్యవేక్షించి ఇస్తేనే క్షేమమని చాలామంది అనుకున్నారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ సీసాలు అయిపోతున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు, సోడా పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, రోగుల బంధువుల చేతే తాగించింది. శిబిరంలో అంతకుముందు సుమారు 30 శాతం ఉన్న మరణాలు వారి వార్డుల్లో 3.6 శాతానికి దిగాయి. నిపుణుడి చెయ్యి అనే షరతు అక్కడ రాలిపోయింది. కొలత మాత్రం రాలిపోలేదు, ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదమే.

ఆ కొలతను ఇంటింటికీ ఎలా మోశారో చూడండి. 1980 నుంచి 1990 దాకా బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ మహిళా కార్యకర్తలు కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లి, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు అని తల్లులకు ఎదురుగా కూర్చుని, వారి చేతే కలిపించి నేర్పారు. కొన్ని వారాల తరువాత వేరే మనిషి వెళ్లి కొందరు తల్లులను ప్రశ్నలడిగి, వారు కలిపిన నీళ్లను పరీక్షకు పంపేవాడు. ఎన్ని ఇళ్లు తిరిగారన్నది పక్కన పెట్టి, తల్లికి ఎంత గుర్తుంది, నీళ్లలో ఉప్పు సరిగా ఉందా అన్నదాన్ని బట్టి కార్యకర్త జీతం ఉండేది. రెండో పాళీ గారు అడిగిన మధ్యలోని పనికి అక్కడ జీతం ఉంది, పరీక్ష ఉంది.

లెక్కల కాగితం

ఊరి బాట గారి మాటకు కొనసాగింపు. ఇంత తెలిసినా ఓఆర్‌ఎస్ ఇవ్వవలసినచోట ఇవ్వకపోవడానికి కారణమేమిటో తేల్చిన అధ్యయనం ఒకటి 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. కర్ణాటక, బిహార్‌లలోని 253 పట్టణాల్లో 2000కు పైగా ప్రైవేటు వైద్య సేవకుల దగ్గరకు, ఇంట్లో బిడ్డకు విరేచనాలని చెప్పే నటులను పంపారు. కొందరు నటులు తమకు ఓఆర్‌ఎస్ కావాలన్నట్లు, కొందరు యాంటీబయాటిక్ కావాలన్నట్లు సూచించారు. కొందరు సేవకులకు ముందే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉచితంగా అందించారు, లాభం ఆశ లేని పరిస్థితిని కూడా పెట్టి చూశారు. సరుకు లేకపోవడం వల్ల జరిగిన లోటు 6 శాతం, డబ్బు ఆశ వల్ల 5 శాతం అని తేలింది. రోగులకు ఓఆర్‌ఎస్ ఇష్టం ఉండదనే వైద్యుల ఊహ వల్ల జరిగిన లోటు 42 శాతం. వైద్యులకు తెలియక కాదు, అడిగితే చాలామంది సరిగ్గానే చెబుతారు. మరో శిక్షణ తరగతి పెట్టి ప్రయోజనం ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి.

మందుల బీరువా

ఇది చదివి కాస్త సిగ్గుపడ్డాను. లిండ్ గురించి అంత రాసిన నేను, బిడ్డకు విరేచనాలని వచ్చిన తండ్రికి ప్యాకెట్ ఒక్కటే చేతిలో పెడితే "ఇంతేనా" అన్నట్లు చూస్తాడని ముందే అనుకుని, ఆ ప్యాకెట్ పక్కన మరొకటేదో పెట్టిన సందర్భాలున్నాయి. అతను నిజంగా అలా చూశాడా అంటే, గుర్తు లేదు. ఈ మధ్య "ఇది, జింకు మాత్రలు చాలు, జింకు మాత్రం విరేచనాలు తగ్గినా 10 నుంచి 14 రోజులు ఆపకుండా వేయండి" అని నేనే ముందుగా చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పటిదాకా ఎవరూ నొచ్చుకోలేదు.

పొద్దుటి బిగువు

నేను వైద్యరంగం మనిషిని కాను. పదిహేనేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతంతో ఉన్న రోగిని. రోగులకు ఏమి కావాలో ఊహించుకోవడం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. నా జబ్బు మీద ట్రయల్స్ దశాబ్దాలుగా వాచిన కీళ్లెన్ని, నొప్పి పుట్టే కీళ్లెన్ని, రక్తపరీక్ష ఎంత అని లెక్కపెట్టాయి. నన్ను మంచానికి కట్టేసేది వాపు కన్నా అలసట. చీపురు పట్టుకుంటే చెయ్యి దించేయాలనిపించే అలసట. వైద్యుడికి చెబితే తలూపేవారు, కాగితం మీద దానికి గడి ఉండేది కాదు. కీళ్లవాతం ట్రయల్స్‌లో ఏమేమి కొలవాలో తేల్చే ఒమెరాక్ట్ అనే అంతర్జాతీయ సమావేశాలకు 2002లో మొదటిసారి రోగులను కూర్చోబెడితే, వారు ముందుగా ఎత్తినది ఈ మాటే. ఆ తరువాత కొన్నేళ్లకు అలసటను కూడా కొలవాలనే సిఫారసు వచ్చింది.

పరిశోధన నా పడక దాకా రావాలంటున్నారు, సంతోషం. పడక దగ్గర నుంచి పరిశోధన దాకా వెళ్లే దారి కూడా ఉంటే, వచ్చేది నాకు పనికొచ్చేదై ఉంటుంది.

సందేహి

పొద్దుటి బిగువు గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గడి గురించి ఆమె చెప్పినదానికి రెండో వైపు ఒకటి చూపించాలి, ఎందుకంటే మనం ఈ చర్చ ముగిసేలోగా ఒక కొత్త ఫారం తయారుచేసి తృప్తిపడతామేమోనని నా భయం. శస్త్రచికిత్సకు ముందూ తరువాతా గట్టిగా చదివి సరిచూసుకునే 19 అంశాల జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కెనడాలోని ఒంటారియోలో దాన్ని తప్పనిసరి చేశాక 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే, మరణాలు 0.71 శాతం నుంచి 0.65 శాతానికి వచ్చాయి, ఆ తేడా గణాంకపరంగా లెక్కలోకి రానిదని 2014లో తేలింది. జాబితా పాటిస్తున్నామని ఆసుపత్రులు దాదాపు అన్నీ రాసిచ్చాయి. అక్కడ ముందే మరణాలు తక్కువ కాబట్టి తగ్గడానికి చోటు లేదని కొందరు, కొద్ది నెలల్లో అలవాటు మారదని కొందరు వాదించారు, రెండిటిలోనూ నిజముంది. నేను ఆపరేషన్ థియేటర్లలో చూసినది మాత్రం వేరు. రోగి రాకముందే జాబితా మొత్తానికి టిక్కులు పెట్టేసి ఉంటాయి. మత్తు డాక్టరు, సర్జన్, నర్సు ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడుకునే ఆ ఒక్క నిమిషమే అసలు చికిత్స. దాన్ని కాగితం మీద అచ్చు వేయలేరు.

పీజీ విద్యార్థి

నా థీసిస్ అంశం ఇంకా ఖరారు కాలేదు. కొత్త మందు ఏదైనా పోల్చి చూద్దామనుకున్నాను. ఇప్పుడు, మా ఆసుపత్రిలోనే ఉన్న ఒక మార్గదర్శకం ఎక్కడెక్కడ, ఏ పాళీలో, ఎందుకు ఆగిపోతోందో చూడవచ్చా అనిపిస్తోంది. గైడ్‌గారు దీన్ని పరిశోధన అంటారో లేదో.

పసికందుల డాక్టరు

అంటారు బాబూ, అడిగి చూడు. అనకపోతే యాక్ట్ ట్రయల్ పత్రం ఆయన బల్ల మీద పెట్టు. ఒక్క సలహా: ఎంతమంది పాటించారన్న లెక్కతో ఆపకు, బిడ్డలేమయ్యారో కూడా రాసుకో. నమూనా చిన్నదైతే తేడా తేలకపోవచ్చు, దాన్ని అలాగే రాయి.

రెండో పాళీ

అందరికీ కృతజ్ఞతలు. ఈ రెండు వారాల్లో ఏమి చేశామో చెప్పడానికి మళ్లీ వచ్చాను. ఆ సర్క్యులర్‌ను గోడకు అంటించలేదు. రెండో పుటలోని షరతులను మూడు ప్రశ్నలుగా మార్చి, ఇంజెక్షన్ ఉండే ట్రే మూత లోపలి వైపు అతికించాం, ఎందుకంటే రాత్రి రెండు గంటలకు గోడ వైపు ఎవరూ చూడరు, మూత మాత్రం తెరవక తప్పదు. ఎన్ని వారాలు, ఎలా తెలుసు? జ్వరం, ఉమ్మనీటి వాసన చూశారా? బిడ్డల విభాగానికి ఫోన్ చేశారా? సందేహి గారి భయం గుర్తుంచుకుని టిక్కు గడులు పెట్టలేదు, జవాబు చేత్తో రాయాలి. ఈ ప్రశ్నలు రాసింది కూడా నేను కాదు, మోతాదు తడుముకోకుండా చెప్పిన ఆ రాత్రిపాళీ అమ్మాయే.

మొదటి వారం కాగితాలు తీసి చూస్తే రెండో, మూడో ప్రశ్నలకు జవాబులున్నాయి. "ఎలా తెలుసు" దగ్గర చాలావరకు ఖాళీ. నిర్లక్ష్యమనుకుని కోపంగానే అడిగాను. తొలి నెలల్లో తీసిన స్కానింగ్ కాగితం తల్లి వెంట వచ్చినవారి సంచిలో ఉంటుందట, రాత్రి వారిని వార్డులోకి రానివ్వరు, కాగితం తెప్పించేలోగా ఇంజెక్షన్ వేళ దాటిపోతుందేమోనని తల్లి నోటిమాట మీద వారాలు వేసి ఊరుకుంటున్నారు. నేను పగలే ఉంటాను కాబట్టి ఈ సంగతి ఇన్నేళ్లూ నా కంటపడలేదు. తల్లిని లోపలికి తీసుకునేటప్పుడే గేటు దగ్గర ఆ కాగితం అడిగి తీసుకోవడం ఎవరి వంతో సోమవారం కాపలా సిబ్బందితో కూర్చుని మాట్లాడుకుంటున్నాం.